లంగర్‌లో నీలం డ్రమ్ము

సైన్యంలో చేరాలన్న కోరిక నాకెప్పుడూ లేదు. సంగారెడ్డిలో మా కిరాణా కొట్లో కూర్చుని, వచ్చిన ప్రతి గిరాకీ మీదా జోకులు వేస్తున్నానని మా నాన్న నన్ను ఫౌజీ భర్తీ శిక్షణ శిబిరానికి పంపాడు. "ఆడనన్న నీ నోరు మూతవడుతదేమో సూద్దాం" అన్నాడు. దేశరక్షణ ప్రస్తావన ఆయన తేలేదు.

శిబిరం పోతిరెడ్డిపల్లి దాటాక, మూతపడిన ఒక ప్లాస్టిక్ కంపెనీ రేకుల షెడ్డులో. నడిపేది రిటైరైన సుబేదార్ సాబ్. ఆయన లెక్కలో అది షెడ్డు కాదు, యూనిట్. అన్నం తినే చోటు లంగర్. పేర్లన్నీ ఫౌజ్‌వే. పప్పు మాత్రం ఏ దేశానిదో చివరిదాకా తేలలేదు. కంచం అడుగున కొట్టిన ముద్రను ఆ పప్పులోంచి హాయిగా చదువుకోవచ్చు.

తిన్నాక కంచాన్ని సబ్బునీళ్ళ తొట్టిలో తిప్పి, పక్కనున్న నీలం డ్రమ్ములో ముంచి తీయాలి. మందుల కంపెనీలు వాడి అమ్మేసిన ఆ డ్రమ్ములు మా వైపు ఇంటింటా ఉంటాయి. పెళ్ళిళ్ళలో మంచినీళ్ళు కూడా వాటిలోనే, కాబట్టి వాటిని ఎవరూ అనుమానించరు. మా డ్రమ్ము మీది పుర్రె బొమ్మ సగం చెరిగిపోయి, మిగిలిన సగం మమ్మల్ని చూసి నవ్వుతున్నట్టుండేది. నీళ్ళు పొద్దున ఒకసారి నింపితే మళ్ళీ మర్నాడే. అందరి కంచాలూ మునిగేసరికి ఆ నీళ్ళు పప్పుకన్నా చిక్కబడేవి.

నా పక్క మంచం హత్నూర నుంచి వచ్చిన కుర్రాడిది. వాడు నాలా కాదు, నిజంగానే ఫౌజ్‌లోకి పోదామని వచ్చాడు. రాత పరీక్ష పాసయ్యాడు, పరుగు మిగిలింది. శిబిరంలో వాణ్ణి మించి పరిగెత్తేవాడు లేడు. కానీ ఆ వారం వాడి కడుపు చెడింది. సగం దూరం అందరికన్నా ముందు పరిగెత్తి, ఉన్నట్టుండి పక్కనున్న తుమ్మ చెట్లలోకి తిరిగిపోయేవాడు.

"గీ పరుగు పోతే వచ్చే యేడు నాకు వయసు దాటుతది మామా" అన్నాడు ఒక పొద్దున, మంచం మీద ముడుచుకుని. "ఇగ మా అమ్మతోని సుల్తాన్‌పూర్ కంపెనీల డబ్బాలు ప్యాక్ చేసుడే."

"మరి సాబ్‌కు చెప్పు."

"చెప్తే కమ్‌జోర్, పనికిరావు అంటడు. నువ్వు గూడ నోరు మూసుకో."

రోజూ మధ్యాహ్నం సాబ్ చేతికర్రతో వరుసల మధ్య నడుస్తూ "కోయీ షికాయత్?" అని అడిగేవాడు. ఫిర్యాదు ఉందా అని. మేమంతా రేకులు అదిరేలా "నో సాబ్!" అనేవాళ్ళం. అదీ రివాజు. ఆ రోజు కూడా అందరూ అన్నారు. నేను తప్ప.

"షికాయత్ గాదు సాబ్, చిన్న డౌటు. గీ పప్పుల ఈగ ఈత మంచిగ కొడుతున్నది. నేవీకి పంపుదామా?"

వరుసల్లో చేతులన్నీ కంచాల మీదే ఆగిపోయాయి. ఈగ మాత్రం ఈత ఆపలేదు.

"సియాచిన్‌ల జవాన్లు ఏం తింటరో తెలుసారా నీకు?" అన్నాడు సాబ్. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సియాచిన్‌ల ఈగలుండయి సాబ్."

ఆయన కర్రతో నా కంచాన్ని టంగుమని కొట్టాడు. "ఫౌజ్‌ల ఒక రివాజున్నది. ఎవనికి షికాయతో, వాడే లంగర్ కమాండర్. గీ పూట నుంచి నువ్వే!"

హత్నూరవాడు తల పట్టుకున్నాడు. "నోరు మూసుకొని తింటే ఏమైతుండె రా నీకు?"

నేను చేసిన మొదటి సైనిక చర్య నీలం డ్రమ్మును బోర్లించడం. అడుగున ఒక గరిటె, సబ్బు ముక్కలు, ఎన్ని బ్యాచ్‌లు తిని వదిలాయో తెలియని అన్నం. రెండో చర్య వంటాయన తువ్వాలు లాక్కోవడం. ఒడిశా నుంచి వచ్చిన ఆ భయ్యా అదే తువ్వాలుతో ముఖం తుడుచుకునేవాడు, కంచాలు తుడిచేవాడు, చాయ్ కూడా వడపోసేవాడు.

"తౌలియా దేదో భాయ్" అన్నాడు.

"ఉతికినంక ఇస్త."

ఉతికితే అది తన తువ్వాలు కాదన్నాడు. నిజమే, ఉతికాక నేనూ గుర్తుపట్టలేకపోయాను. ఆయన అలిగి మంచమెక్కాడు. వంట నా మీద పడింది.

నాకు వచ్చింది కిచిడీ ఒక్కటే, అదీ రాదని మొదటి పూటే తేలింది. కంచం తిరగేసినా కింద పడేది కాదు. ఈగలు ఒకసారి వచ్చి చూసి, మళ్ళీ రాలేదు. పరిశుభ్రత అలా సాధించాను. కంచాలు మాత్రం ఒక్కొక్కరుగా కుళాయి కింద కడగాలన్నాను. వరుస గేటు దాకా సాగింది. టైం బర్బాద్ అని సాబ్ అరుస్తూ, ఆ వరుసలోనే తన కంచం పట్టుకుని నిలబడ్డాడు.

"జెర ఉప్పన్న వెయ్యి రా. ఇది తినుడుకంటె తుమ్మ చెట్లే నయం" అనేవాడు హత్నూరవాడు. అంటూనే తినేవాడు. తుమ్మ చెట్ల వైపు పోవడం తగ్గి, పరుగు పరీక్షకు ముందే పూర్తిగా ఆగింది.

పరుగు రోజు మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. భర్తీ మైదానం గోడ బయట సాబ్, నేను నిలబడ్డాం. లోపల ఈల వినబడింది, తర్వాత కాళ్ళ చప్పుడు. సాబ్ కళ్ళు మూసుకుని ఏదో మంత్రం చదువుతున్నాడు. నేనూ మొక్కాను. వాడి కాళ్ళ కోసం కాదు, కడుపు కోసం.

చాలాసేపటికి వాడు బయటికి వచ్చాడు. చేతి మీద పాసైనవాళ్ళకు వేసే సిరా ముద్ర. సాబ్ వాణ్ణి ఎత్తుకున్నంత పని చేశాడు. నేను థాంక్స్ కోసం ఎదురుచూశాను.

"ఆకలైతుంది మామా" అన్నాడు. "నీ వంట గాకుండ ఏదన్న పెట్టియ్యి."

ఫౌజ్ ట్రైనింగ్ సెంటర్‌కు వెళ్ళాక వాడు ఒక ఆదివారం ఫోన్ చేశాడు. తిండి ఎట్లుందని అడిగాను. మంచిగనే ఉందన్నాడు. వెనక పెద్ద పెద్ద గిన్నెల చప్పుడు.

"ఏం జేస్తున్నవ్ రా?"

"ఆలుగడ్డలు చెక్కుతున్న."

"పరుగు నేర్పమంటే గియ్యి నేర్పుతున్నరా?"

వాడు గొంతు తగ్గించాడు. "మొన్న ఈడ గూడ ఒక సాబ్ వచ్చి, కోయీ షికాయత్ అన్నడు మామా. అందరు నో అన్నరు."

"నువ్వు?"

"నీతోని తిరిగి నా నోరు గూడ ఖరాబైంది. అది సరే గని, ఈగలు రాకుండ కిచిడీ ఎట్ల జేస్తివో జెర చెప్పు."