శుక్రవారపు వణుకు

సహోదరులారా, ఉపవాస కూటం ఉండే శుక్రవారం కోసం మీరందరూ ఆశతో ఎదురుచూస్తారు, నేనూ ఒకప్పుడు అలాగే ఎదురుచూశాను, కానీ ఆ ఏడాది ఎండలు ముదిరినప్పటి నుంచి శుక్రవారం రేపనగానే, గురువారం సాయంత్రమే నా గుండె జారిపోయేది. అన్నం కలుపుకుంటూ నా చేతి వంక చూసుకునేదాన్ని. రేపు ఈ చేయి నా మాట వినదు అనుకునేదాన్ని.

పొద్దెక్కుతుండగా మొదలయ్యేది. ముందు మెడ వెనక చల్లని చెమట, తరువాత వేళ్లలో వణుకు, ఆ వణుకు మోచేతులకూ పెదవులకూ పాకడం, గుండె దడదడలాడటం, వాక్యం చదువుదామని తెరిస్తే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కనబడకపోవడం. వీటన్నిటికంటే ఘోరమైనది భయం. దానికి కారణం ఉండేది కాదు. ఎవరో నా వీపు వెనక నిలబడి ఉన్నట్టు, ఈ పూట దాటకుండానే చచ్చిపోతానన్నట్టు ఉండేది. నా భర్తను మట్టిలో పెట్టిన రోజు కూడా నేను అంతగా భయపడలేదు.

నా పేరు సుగుణమ్మ. శామీర్‌పేట దాటి లోపలికి ఉన్న ఊళ్లో మా ఇల్లు. నా కొడుకు ప్రభాకర్ కండ్లకోయలో ఒక కాలేజీ బస్సు నడుపుతాడు. కోడలు శాంతి పుట్టిల్లు అల్వాల్. పెళ్లైన చాలా ఏళ్లకు, ఎంతో కన్నీటి ప్రార్థన తరువాత, దేవుడు వాళ్లకు ఒక ఆడపిల్లను ఇచ్చాడు. ఆ పిల్లకు నలుగు పెట్టి, నా కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుని, వేడి నీళ్లు పోయడం నా పని. ఆ పని ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వమని అడిగిన శాంతి వాళ్ల అమ్మకు కూడా ఇవ్వలేదు.

నాకు షుగరు అప్పటికే ఉంది. మేడ్చల్‌లో నేను చూపించుకునే డాక్టరు, పాత గోలీతో షుగరు దిగడం లేదని చెప్పి కొత్త గోలీ రాశాడు. పొద్దునా రాత్రీ తిండికి ముందు వేసుకోమన్నాడు. అంతే చెప్పాడు. ఆ చెప్పినంతసేపూ సెల్‌ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాడు, అది నేను మరిచిపోలేదు. నేను క్రమం తప్పే మనిషిని కాను. శుక్రవారమైనా సరే, పొద్దున్నే లేచి నీళ్లతో గోలీ మింగేదాన్ని. గోలీ మింగితే, నీళ్లు తాగితే ఉపవాసం చెడదన్నది మా సంఘంలో అందరికీ తెలిసిన మాట. తిండికి ముందు అన్నారు కదా, ఆ తిండి సాయంత్రం కూటం అయిపోయాక. ఇందులో తప్పు ఉందని నాకు ఎవరూ చెప్పలేదు.

మొదటిసారి వణుకు వచ్చింది మా ప్రార్థన మందిరంలోనే. రేకుల కప్పు, ఎండ, ఆడవాళ్లమంతా చాపల మీద కూర్చుని ఉన్నాము. నేను పాట అందుకోబోతే నాలుక మొద్దుబారి మాట తిరగలేదు. పక్కన కూర్చున్న ఆమె నా వంక ఒకసారి చూసి, తన చాపను అవతలికి లాక్కుంది. ఆమె పేరు ఇక్కడ రాయను, కానీ చదివితే ఆమెకు తెలుస్తుంది. పాస్టరమ్మ వచ్చి నా నెత్తి మీద చేయి పెట్టి గట్టిగా అదిమింది.

"ఎవరు నువ్వు? నీ పేరేంది? చెప్పు," అని అడిగింది.

నేను, "సుగుణమ్మను," అన్నాను.

"సూడుండ్రి, అబద్ధమాడుతాంది," అని ఆమె అందరికీ చెప్పింది.

ప్రార్థన చేశారు, నూనె రాశారు, కేకలు వేశారు. సాయంత్రం కూటం ముగిశాక అందరితో పాటు నాకూ ఆకులో ఉప్మా పెట్టారు, తిన్న కాసేపటికి వణుకు పోయింది. పోయిందని అందరూ చప్పట్లు కొట్టి స్తుతించారు. మళ్లీ శుక్రవారం వచ్చింది, వణుకు వచ్చింది, ప్రార్థన చేశారు, ఉప్మా తిన్నాను, వణుకు పోయింది. ఇలా ప్రతి వారమూ జరిగింది. శుక్రవారం నాడే, మందిరంలోనే, ప్రార్థన వేళకే వస్తోందంటే అది అపవాది, ఆ సాతానేనని సంఘమంతా నమ్మింది. సహోదరులారా, నేను కూడా నమ్మాను. నాలో ఏదో ఉంది, అది ప్రార్థనకు ఓర్చుకోలేక కదులుతోంది అనుకుని, దుప్పటి కప్పుకుని నాలో నేనే ఏడ్చేదాన్ని.

అయినా ఒకసారి పాస్టరమ్మతో అన్నాను, "అమ్మగారూ, కొత్త గోలీ మొదలుపెట్టినప్పటికెల్లి గిట్లయితాంది."

"ఊరంత గోలీలు మింగుతుండ్రు సుగుణమ్మా, ఊరంత వణుకుతున్నదా?" అన్నది.

డాక్టరు దగ్గరికీ వెళ్లాను. ఆ రోజు మంగళవారం, పొద్దున కడుపునిండా తిని వెళ్లాను, నా చేతులు నిలకడగా ఉన్నాయి. వణుకు వస్తోందని మొదలుపెట్టగానే ఆయన నా చేతులు చూసి, "ఏమీ లేదమ్మా, భయం. కొత్త మందు అలవాటవుతుంది, ఆపొద్దు," అన్నాడు. బయటికి వస్తుంటే చీటీలిచ్చే అమ్మాయి మూతికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ఆగి ఎందుకు నవ్వావని అడిగాను. ఊరికే అన్నది. ఊరికే నవ్వలేదు, నాకు తెలుసు.

ఇంట్లో మాత్రం ప్రభాకర్ నవ్వులాటకు తీసుకునేవాడు. కూటంలో నేను ఎవరినో కసిరానని, అది నా గొంతు కాదని వాళ్లు చెప్పుకుంటున్నారని శాంతి చెబితే, వాడు, "అమ్మ తిట్టిందంటే అది అమ్మనే. దయ్యానికి గన్ని మాటలు యాడికెల్లి వస్తయి?" అన్నాడు. ఆ రోజుల్లో నన్ను నవ్వించిన మాట అదొక్కటే.

ఆ తరువాత ఒక శుక్రవారం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. కూటానికి వెళ్లేముందు పిల్లకు నీళ్లు పోద్దామని కూర్చున్నాను. ఆ రోజు పిల్ల పాలకు మారాం చేసి ఆలస్యమైంది, పొద్దెక్కిపోయింది. నలుగు పెట్టాను, నూనె జారుడుగా ఉంది, పిల్ల నా కాళ్ల మీద బోర్లా ఉంది, చెంబు ముంచాను. అప్పుడు మెడ వెనక ఆ చల్లదనం వచ్చింది. చెంబు నా చేతిలో కొట్టుకుంటోంది, నీళ్లు పిల్ల ముఖం వైపు పడుతున్నాయి, పిల్ల నా కాళ్ల మధ్యకు జారిపోతోంది, పట్టుకుందామంటే వేళ్లు మూసుకోవడం లేదు. శాంతి పరుగున వచ్చి పిల్లను లాక్కున్నది.

"అత్తమ్మా, ఇడువు. ఇగ నువ్వు పిల్లను ముట్టకు," అన్నది. పిల్లను గుండెకు అదుముకుని నా వైపు చూసిన ఆ చూపు కత్తిలా దిగింది. మరునాడే అల్వాల్ వెళ్లిపోయింది. నేను ఆపలేదు. ఏ ముఖం పెట్టుకుని ఆపను? నా చేతులంటే నాకే భయం పుట్టింది. పొయ్యి వెలిగించడానికి భయం, బావి దగ్గరికి వెళ్లడానికి భయం. పిల్ల మళ్లీ నా ఒడిలోకి వస్తుందా రాదా, నాకున్న ప్రశ్న అదొక్కటే.

పాస్టరమ్మ ఇంటికి వచ్చింది. "ఇది మామూలు ఉపవాసానికి పోయేది కాదు. మూడు దినాలు పచ్చి నీళ్ల మీదుండు, మేము వంతులు పెట్టుకొని వచ్చి ప్రార్థన చేస్తం. అప్పుడు నీ మనుమరాలు నీకొస్తది," అన్నది. మనుమరాలి పేరు ఎత్తితే నేను కాదనగలనా? ఒప్పుకున్నాను.

మొదటి రోజు పొద్దున లేచి, ఎప్పటిలాగే నీళ్లతో గోలీ మింగాను. ఆ రోజు బంద్. ప్రత్యేక రాష్ట్రం కోసం ఎప్పుడు చూసినా బందులే ఉన్న రోజులవి. ప్రభాకర్ పెళ్లాన్నీ బిడ్డనూ చూడటానికి బండి మీద అల్వాల్ వెళ్లాడు. ఆడవాళ్లు సాయంత్రం వస్తామన్నారు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. మధ్యాహ్నానికి అది వచ్చింది, ఎప్పటికంటే గట్టిగా వచ్చింది. ఇంట్లో ఉండలేక అరుగు మీదికి పాక్కుంటూ వచ్చాను. వీధి రెండు వీధులుగా కనబడుతోంది. చెమటకు రవిక తడిసి వీపుకు అంటుకుంది. ఇదే నా ఆఖరి గడియ అనుకున్నాను, అప్పుడు నేను చేసిన ప్రార్థన ఇది:

"ప్రభువా, నాలో దయ్యం ఉంటే ఇప్పుడే వెళ్లగొట్టు. లేకపోతే లేదని ఈ మనుషులకు నువ్వే చెప్పు. నా మాట ఎవ్వరూ వినలేదు. పాస్టరమ్మ వినలేదు, డాక్టరు వినలేదు. నువ్వూ వినకపోతే నేను ఇంకెవరికి చెప్పుకోను? నన్ను తీసుకుపోయినా సరే, కానీ ఆ పిల్లను నా ఒళ్లో ఒక్కసారి పెట్టి తీసుకుపో."

ఇది వినయంగల ప్రార్థన కాదని నాకు తెలుసు. కానీ ఆయన జవాబిచ్చాడు. ఎవరిని పంపాడో చూడండి. మా ఎదురింట్లో ఖాజాబీ ఉంటుంది. ఆమె మేక నా చిక్కుడు పాదు మొదలంటా మేసినప్పటి నుంచి నేను ఆమెతో మాట్లాడటం మానేశాను, రెండు ఎండాకాలాలు గడిచాయి, ఆమె పలకరించినా ముఖం తిప్పుకునేదాన్ని. ఆ మేకే మళ్లీ మా గేటు తోసుకుని వచ్చింది, దాని వెనకాలే ఖాజాబీ తిట్టుకుంటూ వచ్చి, నన్ను చూసి ఆగిపోయింది.

"అరె, ఏమైంది అక్కా? తిన్నవా?" అన్నది.

మన వైపు మనిషి మనిషిని చూస్తే మొదట అడిగే మాట అదే కదా. కానీ ఇన్ని శుక్రవారాల్లో ఆ మాట నన్ను ఎవ్వరూ అడగలేదు, ఎందుకంటే మా సంఘంలో ఉపవాసం రోజు ఎవరూ ఎవరినీ తిన్నావా అని అడగరు.

"ఉపవాసం," అన్నాను.

"షుగర్ గోలి ఏసుకున్నవా?"

తల ఊపాను.

"యా అల్లా, గోలి మింగి ఉపాసముంటవా? పానం తీసుకుంటవా ఏంది?" అంటూ వాళ్లింట్లోకి పరుగెత్తి, లోటాలో పంచదార నీళ్లు కలుపుకొచ్చింది. నేను పళ్లు బిగించాను. దేవునికి మాట ఇచ్చి మధ్యలో తినడమా, ఇది నన్ను పరీక్షించే శోధనేమో అనుకున్నాను. ఆమె నా దవడ పట్టుకుంది.

"నీకు నా మీద కోపముంటె తాగినంక తిట్టు. సచ్చినంక తిట్టనీకి రాదు. జల్దీ నోరు తెరువు."

తాగాను. ఆమె నా వీపు రాస్తూ కూర్చుంది. కాసేపటికి వీధి ఒక్కటే వీధి అయింది. చెమట ఆరింది. వేళ్లు నిలిచాయి. నా వెనక నిలబడ్డట్టు ఉన్నది ఏదో, ఎవరూ కేక వేయకుండానే, ఎవరూ నూనె రాయకుండానే పోయింది. అప్పుడామె చెప్పింది, ఆమెకూ షుగరేనని, ఒక రంజాన్‌లో రోజా ఉండి ఇలాగే వంటింట్లో పడిపోయిందని, అప్పటి నుంచి ప్రతి రంజాన్‌కు ముందు డాక్టరు దగ్గరికి పోయి అడిగితే ఆయనే గోలీ, వేళా మార్చి ఇస్తాడని. తరువాత రొట్టె, పప్పు తెచ్చి నా చేత తినిపించింది. నేను ఏడుస్తూ తిన్నాను. ఆ ముద్ద నోట్లో ఉండగానే నాకు అర్థమైంది, నేను దయ్యం పట్టినదాన్ని కాదు, నేను మందు వేసుకుని ఆకలితో ఉన్నదాన్ని. దేవునికే మహిమ.

సాయంత్రం వచ్చిన ఆడవాళ్లు నా ఎంగిలి పళ్లెం చూసి వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. వెళ్లనిచ్చాను.

మరునాడు ప్రభాకర్ నన్ను బండి మీద మేడ్చల్ తీసుకెళ్లాడు. డాక్టరు వేలు గుచ్చి చూశాడు, ఈసారి ఫోను పక్కన పెట్టి మొత్తం విన్నాడు. విన్నాక ఆయన ముఖం మారింది. "ఈ గోలీ వేసుకుని తినకుండా ఉంటే షుగరు మరీ పడిపోతుందమ్మా, ప్రాణానికే ప్రమాదం. ఉపవాసాలు ఉంటానని ముందే చెప్పాలి కదా," అన్నాడు.

"మీరు అడిగిండ్రా సారూ?" అన్నాను.

ఆయన కలం తీశాడు. గోలీ మార్చి రాశాడు, వేళకు తినమన్నాడు, చెమట పట్టి వణుకు వస్తే వెంటనే పంచదార తిని ఆ తరువాత తన దగ్గరికి రమ్మన్నాడు. క్షమాపణ చెప్పలేదు. పాస్టరమ్మ కూడా చెప్పలేదు. కానీ పాస్టరుగారు సంగతంతా విని, మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకూడదని, తిని వచ్చి ప్రార్థనలో కూర్చోవచ్చని మందిరంలో అందరి ముందు ప్రకటించారు. ఈ సాక్ష్యంలో కొన్ని మాటలు తీసేస్తే బాగుంటుందని కూడా ఆయన అన్నారు. తీయలేదు, ఎందుకంటే ఆ మాటలు తీసేస్తే దేవుడు నన్ను దేనిలో నుంచి లేపాడో మీకు తెలియదు.

భయం మాత్రం గోలీతో పాటు మారలేదు. కొత్త గోలీ వేసుకున్న మొదటి శుక్రవారం, తిని కూర్చుని కూడా, మధ్యాహ్నం దాకా నా వేళ్ల వంకే చూస్తూ ఉన్నాను. ఆ తరువాతి వారాల్లోనూ చూశాను. వణుకు రాలేదు.

ప్రభాకర్ చెప్పగా సంగతంతా తెలుసుకుని అప్పుడు శాంతి వచ్చింది. పిల్ల మెడ నిలిపి, నన్ను గుర్తుపట్టనట్టు చూసింది. శాంతి నీళ్లు తోడి, పీట వేసి, పిల్లను చంకలో ఉంచుకునే నన్ను అడిగింది, "అత్తమ్మా, తిన్నవా?"

"తిన్న బిడ్డా."

ఆమె వంగి, పిల్లను నా కాళ్ల మీద పడుకోబెట్టింది. పక్కకు పోలేదు, అక్కడే నిలబడి నా చేతుల వంక చూసింది.  నేనూ నా చేతుల వంకే చూస్తున్నాను. చెంబు ముంచాను. నీళ్లు సన్నగా, నెమ్మదిగా, పిల్ల వీపు మీద పడవలసిన చోటే పడ్డాయి.

సహోదరులారా, మీలో ఎవరైనా కొత్త మందు మొదలుపెట్టి, ఒంట్లో ఏదో అవుతున్నా ఎవరూ నమ్మక, మూల కూర్చుని భయపడుతుంటే, ఈ మాట మీ కోసమే రాస్తున్నాను. మందు మీకై మీరు మానవద్దు, డాక్టరు వినేదాకా చెప్పండి, వినకపోతే మళ్లీ వెళ్లి చెప్పండి. ఆ చెప్పే ధైర్యం కోసం ప్రభువును ఆశ్రయించండి. ఆయన దగ్గర మంచి మాటలే మాట్లాడాలని లేదు, మీ కోపంతో, మీ భయంతో, మీ ఫిర్యాదుతోనే వెళ్లండి. జీవితమంతా ఫిర్యాదు చేస్తూనే ఉన్న నాలాంటిదాని మాటే ఆయన అరుగు మీద కూర్చుని విన్నాడు. మీ మాట వినడా?