తెల్లటి నేల వేసిన మేస్త్రి

పోయిన సోమవారం మధ్యాహ్నం మా ఆయన డ్యూటీ దిగి ఇంటికొచ్చి, సైకిల్ గోడకు ఆనించి, చెప్పులు విడుస్తూ "మేస్త్రి పోయిండట" అన్నాడు. ఏ మేస్త్రి అని నేను అడగలేదు. బోధన్‌లో మేస్త్రీలు చాలామంది ఉన్నారు కానీ మా ఇంట్లో ఆ మాటకు ఒక్కడే మనిషి. మూడు నెలలుగా దగ్గుతో మంచం పట్టాడని విన్నాను. చూడటానికి పోవాలని రోజూ అనుకున్నాను, రోజూ ఏదో ఒక పని అడ్డం పెట్టుకున్నాను. నిజానికి పనేమీ అడ్డం రాలేదు. నాకు మొహం చెల్లలేదు.

"పనిమంతుడే" అన్నాడు మా ఆయన కాళ్లు కడుక్కుంటూ. "మా అమ్మ విషయంల తప్ప." పదకొండేళ్లుగా మేస్త్రి ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఆయన నోట ఈ రెండు మాటలూ జతగానే వస్తాయి. ఆ రెండో మాట నా వల్ల వచ్చింది. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్ల మంచిని తలుచుకుంటారు. ఈయన మంచి రాయాలంటే నేను ముందు నా చెడు రాసుకోవాలి, వేరే దారి లేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మూడు నాలుగేళ్లకు నేను జక్రాన్‌పల్లి నుంచి బోధన్‌కు కాపురానికి వచ్చాను. మా పుట్టింట్లో పసుపు పండిస్తారు. ఆడవాళ్లం తెల్లవారకముందే పెరట్లో బండ మీద, తడక చాటున, ఎవరైనా వస్తారేమోనని ఒక చెవి అటు వేసి నీళ్లు పోసుకునేవాళ్లం. అత్తగారింట్లోనూ అదే బండ. తడక బదులు గోనెసంచుల పరదా, అంతే తేడా. మా ఆయన చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర గుమాస్తా. ఒకసారి అక్కడి ఆఫీసరు ఇంట్లో పేరంటానికి పోయినప్పుడు వాళ్ల స్నానాల గది చూశాను. గోడలూ నేలా అన్నీ తెల్లటి పింగాణీ టైల్స్, పైన షవర్. తలుపు మూసి గడియ పెట్టుకుని ఆ నేల మీద ఊరికే కాసేపు నిలబడ్డాను. ఆ రోజు పేరంటంలో ఏం పెట్టారో, ఎవరెవరు వచ్చారో నాకు గుర్తులేదు.

మా ఆయనను ఏడాదిపాటు సతాయించి ఒప్పించాను. పెరట్లో బండ ఉన్నచోటే నాలుగు గోడలు లేపి, కప్పు మీద డ్రమ్ము పెట్టి, దాన్నుంచి పైపు దించి షవర్ బిగించాలన్నది మా ఏర్పాటు. అప్పుడు వచ్చాడు మేస్త్రి. అప్పటికే యాభై దాటినవాడు. పొట్టి మనిషి, మోకాళ్ల దాకా మడిచి కట్టిన ధోతి, చెవి మీద పెన్సిలు. ఆదివారం చర్చికి పోయేవాడు, ఆ ఒక్కరోజు ఎంత బతిమాలినా పనికి రాడు. సున్నం కలిపేటప్పుడు చర్చి పాటలు సన్నగా తీసేవాడు, తాపీ చేతికి తీసుకోగానే ఆపేసేవాడు. ఎందుకు ఆపావని అడిగితే "పాట పాడుకుంట కడ్తె గోడ గూడ ఊగుతది బిడ్డ" అని నవ్వేవాడు.

మా అత్తమ్మ ఆయన చాయకు వేరే గ్లాసు పెట్టింది, బయటి గోడ గూట్లో. ఆయన తాగి, కడిగి, మళ్లీ అక్కడే బోర్లించి పోయేవాడు. నేనూ ఆ గ్లాసులోనే పోసిచ్చేదాన్ని. అందులో తప్పేముందో ఆ రోజుల్లో నాకు తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

టైల్స్ ఎంచడానికి ముగ్గురం బస్సెక్కి నిజామాబాద్ పోయాం. మరాఠీ సేటు దుకాణం. నేను తెల్ల టైల్ ఒకటి చేతిలోకి తీసుకుని ఇక కింద పెట్టలేదు. మేస్త్రి దాన్ని నా చేతిలోంచి మెల్లగా తీసుకుని నేల మీద పెట్టాడు. చెంబెడు నీళ్లు అడిగి పోశాడు. తర్వాత సేటు దీపం దగ్గరున్న నూనె రెండు చుక్కలు వేలితో తెచ్చి దాని మీద రాశాడు.

"ఏం మేస్త్రీ, టైల్స్‌కు తలంటుతవా?" అన్నాడు సేటు.

మేస్త్రి చెప్పు విడిచి, అరికాలు ఆ టైల్ మీద మోపి అటూ ఇటూ తిప్పాడు. కాలు జర్రున జారింది. బల్ల పట్టుకుని ఆగాడు.

"కన్ను ఒప్పుకుంటె సాలదు బిడ్డ, కాలు ఒప్పుకోవాలె" అన్నాడు నాతో. తర్వాత మా ఆయన వైపు తిరిగాడు. "సారూ, ఇవి గోడకు పెడ్దాం, మంచిగుంటయ్. కిందికి మాత్రం గరుకు షాబాద్ బండలు ఏద్దాం. తలకు నూనె వెట్టుకొని కుంకుడుకాయ పోసుకునే ఇల్లు మీది. ఇంట్ల ముసలమ్మ ఉన్నది."

మా ఆయన అక్కడికక్కడే సరేనన్నాడు. తిరుగు బస్సులో నేను కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాను.

షాబాద్ బండలు వచ్చి పెరటి గోడకు ఆనుకుని నిలబడ్డాయి. గోడలకు తెల్ల టైల్స్ అతికించడం అయింది. వాటి కింద ఆ బూడిదరంగు బండలు ఎలా ఉంటాయో ఊహించుకుంటేనే నాకు ఏడుపొచ్చేది. అంతలో చెరుకు సీజన్ మొదలైంది. మా ఆయన ఒక డ్యూటీ మీద ఇంకో డ్యూటీ చేసి, ఇంటికి పడుకోవడానికే వచ్చేవాడు. నేను పుట్టింటికి పోతున్నానని చెప్పి నిజామాబాద్‌లో దిగి, నేను దాచుకున్న డబ్బులు కట్టి, నేలకు సరిపడా టైల్స్ పంపమని సేటుకు చెప్పొచ్చాను. నాలుగో రోజు బండి మా ఇంటి ముందు ఆగింది.

"ఇవెందుకొచ్చినయ్ బిడ్డ?" అన్నాడు మేస్త్రి.

"కిందికి గూడ ఇవే ఎయ్యమన్నడు మీ సారు."

"సారే అన్నడా? దుకాణంల బండలన్నడు గద."

"తర్వాత మనసు మార్చుకున్నడు."

"ఒక్కమాట అడిగొస్త."

"సీజన్‌ల ఆయనను కదిలిస్తె కోపానికొస్తడు. నా మాట మీద నమ్మకం లేదా నీకు?"

ఆయన ఒక టైల్‌ను అరిచేత్తో తడిమి కింద పెట్టాడు. "నమ్మకం లేక గాదు" అని తాపీ తీసుకున్నాడు. నీళ్లు నిలవకుండా వాలు ఎక్కువిచ్చాడు, కాలికి కాస్త పట్టు దొరుకుతుందని టైల్స్ మధ్య సందు వెడల్పుగా వదిలాడు. ఆ మూడు రోజులూ సున్నం కలిపేటప్పుడు కూడా ఆయన పాట తీయలేదు.

మా ఆయన నిద్రకళ్లతో వచ్చి చూసి, "బండలు ఎయ్యలేదేంది?" అన్నాడు. "మేస్త్రే ఇవి మంచిగుంటయన్నడు. ఆయనకు తెల్వదా పని?" అన్నాను. తల ఊపి పోయి పడుకున్నాడు. ఇద్దరికీ చెరొక అబద్ధం చెప్పి నేను నా తెల్లటి నేల సంపాదించుకున్నాను.

పని అయిపోయిన రోజు మేస్త్రి సామాను సర్దుకుంటూ నన్ను పక్కకు పిలిచాడు. "ముసలమ్మను నిలవడి తానం జెయ్యనియ్యకు బిడ్డ. పీట ఏసి కూసోవెట్టు. శుక్రారం నాడు నువ్వు దగ్గరుండు." అట్లనే అన్నాను.

షవర్ మీద మొదట మనసు పడింది మా అత్తమ్మే. "ఇంట్ల వాన పడుడేందే" అని నవ్వి, దాని కింద నుంచి కదిలేది కాదు. అరవై ఏళ్ల మనిషి, జీవితంలో మొదటిసారి తలుపు వేసుకుని నిదానంగా స్నానం చేస్తోంది. నాతో ఆమె అంత మెత్తగా మాట్లాడిన రోజులు అవే. ఆమె కోసం పీట వేశాను, రెండు వారాలు. తర్వాత ఆ చెక్క పీట రంగు దిగి టైల్స్ మీద మరకలు పడుతున్నాయని తీసి బయట పెట్టేశాను.

ఒక శుక్రవారం పొద్దున ఆమె తలకు నూనె పెట్టుకుని లోపలికి పోయింది. నేను వంటింట్లో ఉన్నాను. చెంబు పడ్డ చప్పుడు ముందు వినిపించింది, తర్వాత ఆమె. నిజామాబాద్ తీసుకుపోతే తుంటి ఎముక విరిగిందని, ఈ వయసులో అతకడం కష్టమని చెప్పారు. మంచం మీదే ఇంటికి తెచ్చుకున్నాం.

మా ఆయన మేస్త్రికి కబురు పెట్టాడు. ఆయన వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. లోపల అత్తమ్మ మూలుగుతోంది. నేను గుమ్మం దగ్గర ఉన్నాను, అప్పుడు నాకు ఆరో నెల.

"బండలు ఎయ్యమంటె నున్నటియి ఎందుకేసినవ్? నువ్వే మంచిగుంటయన్నవట" అన్నాడు మా ఆయన.

మేస్త్రి నోరు తెరిచాడు. మాట రాకముందే నా వైపు చూశాడు. నేను తలుపుచెక్క పట్టుకుని నిలబడ్డాను. అవునని గానీ కాదని గానీ నా తల ఊగలేదు. ఆయనకు అంతా తెలిసిపోయిందని నాకూ తెలిసింది. ఆయన తల దించుకున్నాడు.

"నాదే తప్పు సారు. మంచిగుంటదనుకున్న."

మా ఆయన చెయ్యి ఎత్తలేదు కానీ అనరాని మాటలు అన్నాడు. చుట్టుపక్కల వాళ్లు గోడల మీంచి విన్నారు. ఆయనది మా కులం అయ్యుంటే మా ఆయన ఆ మాటలు అనేవాడు కాదు, చుట్టుపక్కల వాళ్లు అంత తేలిగ్గా నమ్మేవాళ్లూ కాదు. అప్పుడే నాకు ఆ సంగతి తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను.

మర్నాడు ఆయనే ఉలీ సుత్తీ తెచ్చుకుని వచ్చి ఆ టైల్స్ అన్నీ పగలగొట్టి తీశాడు. గోడ పక్కన పడి ఉన్న షాబాద్ బండలు పరిచాడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేను దగ్గరికి పోయి, "ఎందుకట్ల అన్నవు?" అని అడిగాను. ఆయన పని ఆపకుండానే చెప్పాడు.

"కడుపుతోటి ఉన్నవు. నువ్వు ఈ ఇంట్ల బతకాలె బిడ్డ. నేనైతె పొద్దుగూకితె మా ఇంటికి పోయెటోన్ని."

అత్తమ్మ ఎనిమిది నెలలు మంచంలో ఉండి పోయింది. గంజి తాగించేటప్పుడల్లా "వాని చేతులు పడిపోను" అని మేస్త్రిని తిట్టేది. ఆ గంజి తాగిస్తున్న చేతులు నావి. ఆమె పోయేదాకా నేను ఆ మాట వింటూనే ఉన్నాను, వింటూ మూతి తుడిచాను.

ఆ తర్వాత మా వైపు ఇళ్లలో ఆయనను నేలపనికి ఎవరూ పిలవలేదు. మాక్లూర్ వైపు, నవీపేట్ వైపు పల్లెల్లో పశువుల కొట్టాలకు గోడలు పెడుతున్నాడని వినేదాన్ని. నేలకు వాలు ఇవ్వడంలో అంత చెయ్యి తిరిగిన మనిషి ఈ చుట్టుపక్కల ఇంకొకరు లేరు, ఆ పని ఆయనకు మళ్లీ దొరకలేదు. అంగట్లో కనిపిస్తే ముందుగా "పిల్లలు మంచిగున్నరా బిడ్డ?" అని అడిగేవాడు. ఒకసారి ఉండబట్టలేక, మా ఆయనకు చెప్పేస్తానన్నాను. "ముసలమ్మ పాయె. ఇగ ఎవలికోసం చెప్తవు, ఊకో" అన్నాడు. ఆయన నా మీది దయతో అన్న మాట అది. నేను దాన్ని అనుమతి అనుకుని ఇన్నేళ్లు హాయిగా కప్పుకుని పడుకున్నాను.

సోమవారం అన్నం వడ్డించి మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. మర్నాడు మేస్త్రిని మట్టిలో పెడుతుంటే పోయి వెనక నిలబడి వచ్చాడట, నాకు చెప్పలేదు. బుధవారం దాకా నాతో మాట్లాడలేదు. గురువారం పొద్దున, "నాకు చెప్తె ఏమొస్తది. ఆయన ఇంట్ల చెప్పు" అన్నాడు. రిక్షాలో ఇద్దరం పోయాం. ఆయన బయటే ఆగిపోయాడు.

ఒక్క గది ఇల్లు. ఊరందరికీ నేలలు వేసిన మనిషి ఇంట్లో నేల అలికిన మట్టిదే. మేస్త్రి భార్య చాప మీద ఒక్కతే కూర్చుని ఉంది. ఎదురుగా కూర్చుని, ఏదీ దాచకుండా చెప్పాను. టైల్స్, రెండు అబద్ధాలు, పీట, గుమ్మంలో కదలని నా తల. ఆయన ఎప్పుడో ఈమెకు చెప్పే ఉంటాడనీ, నన్ను తిట్టి బయటికి పొమ్మంటుందనీ అనుకునే పోయాను. తిడితే తల వంచుకుని పడదామని సిద్ధంగా ఉన్నాను.

ఆమెకు ఏమీ తెలియదు.

"గిది నాకు చెప్పలేదు" అంది. "పదకొండేండ్లు తిట్టిన నేను. పని దొరకనప్పుడల్లా తిట్టిన. గా నున్నటియేసి పేరు పాడుజేసుకుంటివని అన్నం కాడ గూడ తిట్టిన. దగ్గుకుంట మంచంల పన్నంక గూడ అన్న. ఒక్కనాడు గూడ ఎదురు మాట్లాడలే."

నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. వెనక్కి తీసుకుంది.

"ఇప్పుడెందుకు జెప్పినవమ్మా" అంది. కోపంగా అనలేదు, నిజంగానే అడిగింది. నా బరువు దించుకోవడానికి వచ్చి, దాన్ని ఆమె నెత్తి మీద పెట్టానని అప్పుడు తెలిసింది. ఆయన దాచింది మా ఇంటి పరువు కోసమో, ఈమె మా వాకిట్లోకి వచ్చి కొట్లాడకూడదనో నాకు ఎప్పటికీ తెలియదు.

ఆమె లేచి, కొయ్యకు వేలాడుతున్న ఆయన చొక్కా తీసి ఒళ్లో వేసుకుని మళ్లీ కూర్చుంది. మోచేతి దగ్గర సిమెంటు మరక ఎండి గట్టిపడి ఉంది. దాన్ని బొటనవేలి గోటితో గీకడం మొదలుపెట్టింది. నేను పోయొస్తానని చెప్పినా తలెత్తలేదు. గడప దాటి, మా ఆయన పక్కన వచ్చి నిలబడ్డాక కూడా లోపల ఆమె గీకుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.