పాలడెయిరీ మిషన్‌లోని గొంతు

చింతామణిలో విత్తనాల అంగడి మీద మా ఆఫీసు. రెండు గదులు, ఒక సింకు. పల్లెల్లో పాలు పోసే కేంద్రాలకు మేం సాఫ్ట్‌వేర్ రాస్తాం. తూకం మీదున్న గిన్నెలో రైతు పాలు పోస్తే ఎన్ని లీటర్లో, వెన్న ఎంతో మిషన్ గట్టిగా చెబుతుంది.

శుక్రవారం సాయంత్రం మాకొక ఆచారం ఉంది. కింద బండి నుంచి మిరపకాయ బజ్జీలు తెప్పించుకుని, ఆ వారం చేసిన తప్పు ఒక్కొక్కరం చెప్పాలి. ఎవరి తప్పుకు అందరూ ఎక్కువ నవ్వితే చివరి బజ్జీ వాళ్ళది. ఏమీ చెప్పనివాళ్ళు టీ గ్లాసులు కడగాలి. చేరిన నాటి నుంచి గ్లాసులు కడిగేది నేనే. "నీదేం లేదా పాపా?" అని ఆఫీసు నడిపే సార్ అడిగితే తల అడ్డంగా ఊపేదాన్ని. నలుగురిలో నోరు తెరవాలంటే నాకు చెమటలు పడతాయి. వాళ్ళు చెప్పినవన్నీ మాత్రం ఇంటికెళ్ళి డైరీలో ఎక్కించుకునేదాన్ని.

నా పక్కసీటు అక్కది చిక్కబళ్ళాపురం. ఆవుల నమోదు ఫారం ఆమెదే. మనుషుల కోసం రాసిన పాత ఫారాన్నే ఆవులకు వాడింది. వృత్తి అన్న గడి నింపకుంటే అది ముందుకు పోదు. రైతులు కాసేపు తంటాలు పడి, చివరికి అందరూ ఒక నిర్ణయానికి వచ్చినట్టు "గృహిణి" అని నొక్కేశారు.

"తాలూకాలోని ఆవులన్నీ గృహిణులే సార్," అంది అక్క, బజ్జీ అందుకుంటూ.

"నీ ఫారమే నయం," అన్నాడు హొసూరు నుంచి వచ్చి మాతో చేరిన అతను. "మన సెలవుల యాప్ చూస్తివా? సెలవు అడగాలంటే ముందు ఆఫీసుకొచ్చి హాజరు వేయమంటాది. జ్వరంతో వచ్చి హాజరేస్తే, వచ్చినావు కదా, సెలవెందుకంటాది!"

ఆ యాప్ రాసినవాడు మా ముందుకొస్తే ఏం చేయాలన్న దాని మీద మరో పావుగంట చర్చ జరిగింది.

నాకూ చెప్పడానికి ఒకటుంది. అదే నా భయం.

మిషన్ కోసం కన్నడ గొంతు కొన్నారు. అది రైల్వేస్టేషన్‌లో బండి ఆలస్యమని చెప్పినంత మర్యాదగా ఉంటుంది. బాగేపల్లి వైపు ఊళ్ళకు తెలుగు కావాలన్నారు. "మంచి గొంతు దొరికేదాకా ఏదో ఒకటి పెట్టు," అన్నారు సార్. ఎవరిని అడగాలో తెలియక, అడగడానికి ధైర్యమూ లేక, మా అత్త ఇంట్లో బియ్యం మూటల గదిలో దుప్పటి కప్పుకుని నేనే రికార్డు చేశాను. మొదట "దయచేసి వేచి ఉండండి" అన్నాను. నా చెవికే అబద్ధంలా వినిపించింది. దుప్పటి కింద ఎవరూ చూడరు కదా అని, మా అవ్వ మాట్లాడినట్టు మొదలుపెట్టాను.

"రవ్వంత తాళప్పా, నీ పాలు యాడికీ పోవు."

"వరసలో రామ్మా, ఎనకున్నోళ్ళు మనుషులు కారా?"

"గిన్నె ఖాళీ చెయ్యప్పా, ఇంగెంత సేపు?"

ఆ ఫైళ్ళ ఫోల్డరుకు "తాత్కాలికం" అని పేరు పెట్టాను. మా ఆఫీసులో ఆ పేరు పెట్టింది ఏదీ ఇంతవరకు మారలేదు. గొంతు యాడిదని సార్ అడిగితే "దొరికింది సార్" అన్నాను. ఇంటర్నెట్‌లో దొరికిందనుకున్నారు. పక్కనే కూర్చునే వాళ్ళు కూడా గుర్తుపట్టలేదు. గుర్తుపట్టేంతగా వాళ్ళు నా గొంతు వింటే కదా!

గొంతు పల్లెలకు పోయాక, అది ఎవరిదన్న పందేలు మొదలయ్యాయి.

"యాబై ఏండ్ల హెడ్మిస్ట్రెస్ అయుంటాది," అన్నాడు హొసూరతను.

"ఆ యమ్మ మొగుడు పాపం, ఇంట్లో నోరెత్తుతాడంటావా?" అంది అక్క.

నేను పక్కగదిలో సింకు వైపు తిరిగి గ్లాసులు తోముతూ పెదవి కొరుక్కున్నాను. లోపల నవ్వొస్తోంది. కానీ ఆ నోరు నాదని తెలిస్తే మర్నాడు ఈ మెట్లెక్కడం నా వల్ల కాదు. మళ్ళీ ఎవరి ముఖం చూడను?

ఒక శుక్రవారం బజ్జీలు వచ్చిన వేళకే ఫోన్ మోగింది. బాగేపల్లి దగ్గర ఊరి పాలకేంద్రం సెక్రెటరీ. సార్ స్పీకర్‌లో పెట్టారు.

"సార్, మీ మిషన్‌కు పిచ్చి పట్టుండాది! గిన్నె ఖాళీ చెయ్యి, ఖాళీ చెయ్యి అని ఒకటే పాట. గిన్నెలో ఏమీ లేదు సామీ!"

వెనక నుంచి నా గొంతు వినబడుతూనే ఉంది: "గిన్నె ఖాళీ చెయ్యప్పా, ఇంగెంత సేపు?"

"ఆపేసి మళ్ళీ వెయ్యప్పా," అన్నారు సార్.

"నాలుగుసార్లు వేస్తిమి. వరస రోడ్డు దాకా ఉండాది. కాసేపట్లో వ్యాను పోతాది. పాలన్నీ ఇరిగిపోతే ఎవరికి చెప్పుకోవల్ల?"

సార్, హొసూరతను కలిసి ప్రోగ్రామ్ తెరిచి వెతకసాగారు. నాకు వెతకాల్సిన పని లేదు. ఏ మాట ఎప్పుడు పలకాలో ప్రోగ్రామ్‌లో చూసుకున్నాకే రికార్డు చేశాను. బరువు ఖచ్చితంగా సున్నా కాకపోతే ఆ మాట వస్తుంది. ఆ ఊరికి ఈ మధ్యే కొత్త తూకం వచ్చింది. గిన్నె అడుగున రెండు పాలచుక్కలు మిగిలినా దానికి తెలుస్తుంది. పైన సున్నా చూపిస్తుంది, లోపల మాత్రం లెక్క మిగిలే ఉంటుంది. ఖచ్చితంగా సున్నా అని ఆ లైను రాసింది స్వయంగా సారే.

గిన్నె అడుగున చుక్కలున్నాయని అక్క చెవిలో గుసగుసలాడాను. ఆమె సగం విని ఫోన్ వైపు వంగింది.

"అన్నా, గిన్నె కడుగు!"

"కడిగితిమి తల్లీ," అన్నాడు సెక్రెటరీ కాసేపటికి. "ఇంగా గట్టిగా అరుస్తాంది!"

"మళ్ళీ కడుగన్నా, బాగా!"

నీళ్ళు పోసిన చప్పుడు వినిపించింది. ఇక ఆగలేకపోయాను.

"కడగొద్దప్పా! తడుంటే అదట్లే అరుస్తాది. గుడ్డ తీసుకుని గిన్నె తుడువు. తూకం మీద సున్నా బటన్ ఉండాది చూడు, దాన్ని రవ్వంత సేపు నొక్కిపట్టు."

అవతల నుంచి మిషన్ అదే గొంతుతో "ఇంగెంత సేపు?" అంది.

"ఒరే!" అని సెక్రెటరీ అరిచాడు. "మిషన్‌లోని యమ్మ ఫోన్‌లోకొచ్చింది రా!"

నలుగురైదుగురు ఫోన్ దగ్గరికి వచ్చిన సందడి. ఎవరో తుడిచి బటన్ నొక్కినట్టున్నారు, మిషన్ అరుపు ఆగింది. "రవ్వంత తాళప్పా" అని తర్వాతి రైతుతో అంది. ఒక ముసలామె గొంతు ఫోన్‌లో దూరింది.

"ఏం పాపా, దినామూ మమ్మల్ని అట్ల గదుముతావే, నీకు పెండ్లయిందా?"

సార్ గబుక్కున ఫోన్ పెట్టేశారు. అందరూ నన్నే చూస్తున్నారు. నేను తలుపు వైపు చూశాను. మధ్యలో అక్క కుర్చీ అడ్డంగా ఉంది.

"హెడ్మిస్ట్రెస్!" అన్నాడు హొసూరతను, లేచి నిలబడి.

అక్క బల్ల కొట్టి కొట్టి నవ్వింది. చివరి బజ్జీ నా ముందుకొచ్చింది. నా కండ్లు మాత్రం సార్ కంప్యూటర్ మీదున్నాయి. నోరు ఎలాగూ తెరిచాను కదా అని ఆ లైను చూపించాను.

"ఇది మీది సార్."

సార్ కండ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివారు. తర్వాత, తప్పు చెప్పనిది ఈసారి తనే అన్నట్టు, టీ గ్లాసులన్నీ ఏరుకుని సింకు దగ్గరికి నడిచారు.

"ప్రోగ్రామ్ రేపు మారుస్తాను," అన్నారు అక్కడి నుంచే. "ఈలోగా గిన్నె తుడవమని ఒక మాట రికార్డు చెయ్యి పాపా. ఇక్కడే, ఇప్పుడే."

"అయితే అందరూ బయటికి పోండి," అన్నాను.

నా నోట ఆజ్ఞ వినడం వాళ్ళకు కొత్త. అక్క, హొసూరతను బుద్ధిగా మెట్ల మీదికి పోయారు. సింకు పక్కగదిలో ఉంది కాబట్టి సార్‌ను వదిలేశాను. దుప్పటి లేదు. నా చున్నీనే తల మీదికి లాక్కుని ఫోన్‌లో బటన్ నొక్కాను.

"ఏమప్పా, గుడ్డతో తుడిస్తివా లేదా?"

"కడుగుతాండానమ్మా, కడుగుతాండా!" అన్నారు సార్ పక్కగదిలోంచి, గ్లాసుల చప్పుడు మధ్య.

అది కూడా రికార్డయింది. మళ్ళీ ఇంకొకటి చేయవచ్చు. చేయలేదు. ఉన్నది ఉన్నట్టే "తాత్కాలికం"లో వేశాను.