అంతస్తుకో తలుపు చెకింగ్

మా ఆయన లిఫ్ట్ మెకానిక్. మనిషి భారీ విగ్రహం. 'ఆరుగురు మాత్రమే' అని రాసి ఉన్న లిఫ్టులో ఈయన ఎక్కారంటే, మిగిలినవాళ్ళు గబగబా తలలు లెక్కపెట్టుకుంటారు. ఇరవై ఏళ్ళుగా జనాన్ని పైకీ కిందకీ తిప్పుతున్నారు గానీ, తను ఒక్క మెట్టు ఎక్కితే ఒట్టు. కాకపోతే ఆ పనిలో ఓ చిక్కుంది. లిఫ్ట్ ఆగిపోతేనే కదా ఈయన్ని పిలిచేది! మోటారు గదేమో మేడ మీద. ఆ రోజు మాత్రం మెట్లు తప్పవు.

బరువు తగ్గండి మహానుభావా అంటే ఒకటే జవాబు.

"గ్రీజు లేకపోతే లిఫ్ట్ ఇనప తాడు తుప్పు పడుతుందే. మనిషికీ ఉండాలి కాస్త."

అంటూనే పళ్ళెంలో ఇంకో గరిటె వడ్డించుకునేవారు. నాకు ఒళ్ళు మండేది. ఆ మంటలో నేనూ ఓ గరిటె వేసుకునేదాన్ని.

ఒకరోజు కూరగాయల కొట్లో ఓ టీచరమ్మ కనిపించింది. ఈయన చూసే ఆరంతస్తుల భవనంలో పై వాటా ఆవిడది.

"మీ ఆయనకి ఎంత శ్రద్ధమ్మా! నిన్న లిఫ్ట్ ఆగిపోతే ఆయన వెనకే మెట్లెక్కాను. ప్రతి అంతస్తులోనూ ఆగి, లిఫ్ట్ తలుపు మీద చెయ్యి ఆనించి, తల వంచుకుని రెండేసి నిమిషాలు నిలబడ్డారు. ఏంటండీ అంటే 'తలుపు చెకింగ్' అన్నారు."

నవ్వబోయి ఆగిపోయాను. ఇన్నేళ్ళ కాపురంలో నేనూ సగం మెకానిక్కునే. తలుపుల్ని లిఫ్ట్ బాగయ్యాక, దాని నెత్తిమీద నిలబడి కిందకి దిగుతూ లోపలివైపు నుంచి చూస్తారు. బయట చెయ్యి ఆనించి చూసేదేమీ ఉండదు. అంటే, తలుపు సాకు పెట్టి ఊపిరి తీసుకుంటున్నారన్నమాట.

సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టారో లేదో, కడిగిపారేశాను.

"తలుపు చెకింగట! నాకు చెప్పండి ఆ కబుర్లు. ఛాతీలో ఏమవుతోంది?"

తప్పించుకోలేక నిజం బయటపెట్టారు.

"రాయి పెట్టినట్టుంటుందే. ఆగితే తగ్గిపోతుంది. కంపెనీకి తెలిస్తే నన్ను లిఫ్ట్ గొయ్యిలోకి దిగనివ్వరు. కుర్చీలో కూర్చోబెట్టి ఫోన్లెత్తమంటారు. అది నా వల్ల కాదు."

"మీరు లేకుండా బతకడం నా వల్ల అవుతుందా?" అన్నాను. అని, భోరున ఏడ్చేశాను. ఆయన బిక్కచచ్చిపోయి, చెప్పులు కూడా విప్పకుండా అలాగే నిలబడ్డారు.

మర్నాడే ఆస్పత్రికి లాక్కెళ్ళాను. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ కాగితం మీద ఒక రక్తనాళం గీసి, దాని చుట్టూ పెన్సిలుతో మందంగా ఓ పొర దిద్దింది.

"ఇది కొవ్వు. పొట్టలోనే కాదు, రక్తనాళాల చుట్టూ కూడా ఉంటుంది. మామూలుగా ఉంటే మంచిదే. నాళం బిగుసుకోకుండా చూస్తుంది."

ఈయన నావైపు తిరిగి కళ్ళెగరేశారు. "విన్నావా?"

"పూర్తిగా వినండి," అంది డాక్టరమ్మ. "ఒళ్ళు పెరిగితే ఆ కొవ్వూ ఉబ్బుతుంది. దానికి ఆక్సిజన్ చాలక వాపెక్కుతుంది. ఇక సాయం మానేసి, నాళాన్ని బిగించే పదార్థాలు వదులుతుంది. నాళం గట్టిపడుతుంది, సన్నబడుతుంది. గుండెకి చాకిరీ పెరుగుతుంది. మీకు అదే మొదలైంది."

ఆయన ఆ బొమ్మలోని పొర మీద వేలు పెట్టారు.

"గ్రీజు మరీ ఎక్కువైతే దుమ్ము పట్టి గడ్డకడుతుందండీ," అన్నారు మెల్లగా. "తాడు పట్టు తప్పుతుంది. అలా పూసినవాళ్ళని నేనే తిట్టిపోస్తాను."

"మరింకేం! మందులు వేసుకుంటూ, నడుస్తూ, బరువు తగ్గితే ఆ కొవ్వు మళ్ళీ దారిలోకి రావచ్చు. మెట్లు మాత్రం నేను చెప్పేదాకా వద్దు."

కంపెనీకి నేనే చెప్పాను. ఆరు నెలలు ముఖం గంటు పెట్టుకుని ఫోన్లెత్తారు. తెల్లారగానే నడక. రెండో గరిటె జోలికి పోలేదు. పద్నాలుగు కిలోలు తగ్గారు. ఆ తర్వాత డాక్టరమ్మ మళ్ళీ పరీక్షలు చేసి, సరే ఎక్కండి అంది.

మొదటి పిలుపు టీచరమ్మ భవనం నుంచే. "సాక్షిగా నేనూ వస్తా," అంటూ వెంటబడ్డాను. ఆయన ఒక్క తలుపు దగ్గరా ఆగలేదు. చెప్పొద్దూ, నాకు ఎంత సంతోషమేసిందో! పై అంతస్తు నుంచి కేకేశారు.

"ఏమే, ఎక్కడున్నావ్?"

మూడో అంతస్తులో ఉన్నాను, లిఫ్ట్ తలుపు మీద చెయ్యి ఆనించి.

"ఏం లేదండీ, ఈ తలుపు..." అనబోయి నాలుక్కరుచుకున్నాను.

ఆయన నవ్వలేదు. ఆ మెట్లన్నీ దిగొచ్చి, నన్ను కూర్చోబెట్టి, పక్కనే కూర్చుని ఫోన్ తీశారు.

"డాక్టరమ్మగారూ, ఈసారి మా ఆవిడకండీ," అన్నారు.