యముడి చేతి అక్షింతలు

రేపల్లెలో, అత్తవారింట్లో నా సీమంతం. నలుపు తెలుపు సినిమాల రోజుల్లో యముడి వేషాలకు పేరుపడ్డ మా తాతయ్య తెనాలి నుంచి వచ్చారు. పొద్దున టిఫిన్ల దగ్గర మా అత్తగారి అక్క ఆయనచేత యముడి నవ్వు నవ్వించి, ఫోన్‌లో వీడియో తీసుకుంది. తీరా ఆయన అక్షింతలతో నా దగ్గరికి వచ్చేసరికి ఆవిడే అడ్డం నిలబడింది.

"మీరొద్దు బాబాయిగారూ. కడుపుతో ఉన్న పిల్లకి యముడి చేత్తో దీవెనలేంటండి?"

తాతయ్య గుప్పిట మూసుకుని వెనక్కి తిరిగారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నన్ను పెంచింది ఆ చెయ్యేనండి! తాతయ్య వెయ్యకపోతే ఇంకెవరూ వెయ్యద్దు," అని అరిచి, లేచి వెళ్లి ఆయన ముందు తల వంచాను. గుప్పిట విప్పి వేశారు.

పాపకిప్పుడు మూడేళ్లు. తాతయ్య లేరు. నా కోపం మాత్రం అలాగే ఉంది. ఇంటికి ఎవరొచ్చినా ఆవిడ ఆ వీడియో చూపించి మురిసిపోతుంది: "మా చుట్టమేనండి!"