స్లాబ్ రోజు వేలిముద్ర

మా సీనియర్‌కు ఒక నియమం ఉండేది. కేసుకు పనికొచ్చే కాగితం ఏది దొరికినా, దొరికిన చోటి నుంచి నేరుగా శిక్ష పడ్డవాడి ఇంటివాళ్ళ చేతికి వెళ్ళాలి, వాళ్ళ చేతి మీదుగానే కోర్టుకు రావాలి. మధ్యలో మా చెయ్యి తగలకూడదు. "నీ సంచిలోంచి వచ్చిందంటే నువ్వే పుట్టించావంటారమ్మా" అనేవారు. ఆయనది గుంటూరు, ఎంత చిన్న జూనియర్నైనా అమ్మా అనే పిలిచేవారు. ఆ నియమాన్ని నేను అక్షరం పొల్లుపోకుండా పాటించాను. పాటించి ఒక మనిషిని జైల్లోనే ఉంచేశాను. అది సగం నిజం. మిగతా సగానికి వేరే బాధ్యులున్నారు, వాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

తొంభైల చివర్లో అనంతపురంలో లా ముగించి వచ్చి, లింగంపల్లి రైల్వే స్టేషన్ దగ్గర ఒక గది కిరాయికి తీసుకుని ఉండేదాన్ని. నల్లకోటు వేసుకుని వాదించే పని నాది కాదు. జీవిత ఖైదు పడి, అప్పీలుకు స్తోమత లేనివాళ్ళ కేసులు మా సీనియర్ తీసుకునేవారు. ఆ కేసు కట్టలు చదివి, తేడా ఉన్న చోట గుర్తు పెట్టుకుని, ఆ బస్తీలకు పోయి మనుషుల్ని మొదటి నుంచి మళ్ళీ అడగడం నా పని. చాలా కేసుల్లో తిరిగి తిరిగి, శిక్ష సరిగ్గానే పడిందని తేల్చుకుని కట్ట కట్టేసేదాన్ని. అబద్ధం నాకు ఇట్టే తెలిసిపోతుందని గర్వం కూడా ఉండేది. ఆ గర్వం ఎంతకాలం నిలవాలో అంతకాలమే నిలిచింది.

ఈ కేసులో ఖైదీ పాలమూరు నుంచి వచ్చినవాడు, మాదాపూర్ గుట్టల్లో రాళ్ళు కొట్టేవాడు. చందానగర్‌లో ఒక ఇనుప సామాన్ల గోదాము కాపలాదారుని పట్టపగలు మూడు గంటలప్పుడు ఎవరో తల పగలగొట్టి చంపారు. అంతకు రెండు వారాల ముందు ఇతను ఆ గోదాము ముందున్న నల్లా దగ్గర నీళ్ళ కోసం ఆ కాపలాదారుతో తగాదా పడ్డాడు, పదిమంది చూశారు. పోలీసులు ఇతని గుడిసెలోంచి ఒక గడ్డపార తీసుకుపోయారు. రాళ్ళు కొట్టేవాడి గుడిసెలో గడ్డపార కాక వీణ ఉంటుందా? దాన్ని పట్టుకున్నట్టు సాక్షి సంతకాలు పెట్టిన ఇద్దరూ పోలీసు స్టేషన్ పక్క హోటల్లో పనిచేసేవాళ్ళే. ఇక రాళ్ళ క్వారీ వాళ్ళేమో హత్య జరిగిన రోజు అతను పనికి రాలేదని చెప్పారు. అంతే, కేసు రుజువైపోయింది.

జైల్లో మొదటిసారి కలిసినప్పుడు ఆ రోజు ఎక్కడున్నావని అడిగాను. "స్లాబు మీద ఉన్న మేడం, తమ్ముని జాగల" అన్నాడు.

స్లాబ్ పోసే రోజు సంగతి తెలియనివాళ్ళకు ఆ మాట అర్థం కాదు. కింది కోర్టులో అతని లాయరుకూ అర్థం కాలేదు. కాంక్రీటు పోయడం మొదలుపెడితే మధ్యలో ఆపడానికి లేదు. కలిపిన మాలు తట్టల్లో చెయ్యీ చెయ్యీ మారుతూ కింది నుంచి మూడో అంతస్తుకు, నాలుగో అంతస్తుకు పోతూనే ఉండాలి. ఆ వరసలో ఒక మనిషి తప్పితే వరసంతా తెగుతుంది. అందుకని స్లాబ్ రోజు రానివాణ్ణి మేస్త్రీ మళ్ళీ పనిలోకి రానివ్వడు. ఒకడికి రావడానికి వీలు కాకపోతే అన్ననో బావమరిదినో తన బదులు పంపిస్తాడు. హాజరు పుస్తకంలో పేరు మాత్రం రావలసినవాడిదే. మేస్త్రీకి చేతుల లెక్కే కావాలి, ముఖాలతో పని లేదు. సాయంత్రం స్లాబ్ అయ్యాక మేకను కోసి అందరికీ దావత్ పెడతారు. హత్య జరిగిన రోజు ఇతను తమ్ముడి బదులు పొద్దున్నుంచి తట్టలందుకుని, ఆ దావత్ తిని ఇంటికొచ్చాడు. తమ్ముడేమో ఆ పూట సినిమాకు పోయాడు. ఆ సినిమా హాలు ఉన్నది చందానగర్‌లోనే.

అప్పటికి మాదాపూర్‌లో గుట్టలు పిండి చేసి ఆఫీసు కట్టడాలు లేపుతున్నారు. ఆ స్లాబ్ కూడా అలాంటి ఒక కట్టడానిదే. ఆనాటి గుంపులో సగం మంది పుణెకూ బొంబాయికీ చెదిరిపోయారు. మేస్త్రీని పట్టుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. "ఎవరు వచ్చిండ్రో ఎవరు వోయిండ్రో నాకేం యాదికుంటది మేడం" అన్నాడు. కానీ పెద్ద కంపెనీ పని కాబట్టి రోజూ హాజరు పుస్తకంలో సంతకమో వేలిముద్రో పెట్టించేవాడట. ఆ పాత పుస్తకాలు ఒక గోనెసంచిలో ఉన్నాయి. చీకిపోయిన ఆ పుస్తకం తిరగేస్తే తమ్ముడి పేరు కనిపించింది. తమ్ముడు ఏడో తరగతి దాకా చదివాడు, ప్రతిరోజూ వంకరటింకరగా సంతకం చేశాడు. ఆ ఒక్క స్లాబ్ రోజు మాత్రం సంతకం లేదు, నీలిరంగు వేలిముద్ర ఉంది. అన్నకు చదువు రాదు.

నేను ఆ పుస్తకం పట్టుకుని మేస్త్రీ ముందే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. నిపుణుడు ఆ ముద్రను ఖైదీ వేలితో పోలిస్తే చాలు, మనిషి ఇంటికొస్తాడు. పుస్తకం నాకిమ్మంటే మేస్త్రీ ఇవ్వలేదు. "ఆమె మా ఊరి పిల్ల. ఆమెకైతే ఇస్త" అన్నాడు. ఆమె అంటే ఖైదీ భార్య. మా సీనియర్ నియమం కూడా అదే చెబుతోంది కదా. మేస్త్రీని వెంటబెట్టుకుని చందానగర్‌లో ఆ పేజీకి ఒక జిరాక్స్ తీయించుకుని, అసలు పుస్తకం ఆమె చేతిలో పెట్టించాను. జిరాక్స్‌లో ఆ ముద్ర నల్లటి మరకలా వచ్చింది. అది పోల్చడానికి పనికిరాదని నాకు తెలుసు. అసలుది ఉందిగా అన్న ధీమా.

ఆమె సంగతి చెప్పాలి. మొదట నన్ను ఆ కేసులోకి లాగింది ఆమే. మా ఆఫీసు మెట్ల మీద మూడు రోజులు కూర్చుంది. మనిషి జైలుకు పోయాక ఇద్దరు ఆడపిల్లలతో మరిది ఇంట్లోనే ఉండేది. మరిదికి, అంటే ఆ తమ్ముడికి, అదే కట్టడంలో సెక్యూరిటీ గార్డు ఉద్యోగం దొరికింది. ఆ జీతం మీదే అందరూ బతుకుతున్నారు. నేను వెళ్ళినప్పుడల్లా తినకుండా పంపేది కాదు. జొన్నరొట్టె, పచ్చిపులుసు. అక్కా అని పిలిచేది. "నాకు ఎనకా ముందు ఎవరు లేరక్కా, నువ్వే" అనేది. నేను కరిగిపోయేదాన్ని. ఎంత పిచ్చిదాన్నో.

తమ్ముడు కూడా నా ముందు తన అన్న కూతురి తల మీద చెయ్యిపెట్టి ఒట్టు వేశాడు. "అన్న కోసం కోర్టుల నిలవడి చెప్త మేడం, నేను ఆ దినం స్లాబుకు పోలేదని." నేను అక్కడితో ఊరుకోవలసింది. కానీ సాక్షిని ముందే సిద్ధం చెయ్యాలి కదా, అందుకని అడగబోయే ప్రశ్నలన్నీ వదినా మరుదుల ముందు కూర్చుని వివరించాను. నువ్వు స్లాబ్ మీద లేవంటే ఎక్కడున్నావని అడుగుతారు. చందానగర్‌లో సినిమా చూస్తున్నానంటే, హత్య జరిగిన ఊళ్ళోనే, ఆ వేళకే ఉన్నావన్నమాట అంటారు. టికెట్టు ముక్క ఉందా అంటారు. భయపడకు, నిజమే చెప్పు, నిన్నేం చెయ్యలేరు అన్నాను. తమ్ముడు తలూపాడు. ఆమె నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

అదనపు సాక్ష్యం తీసుకోవాలని హైకోర్టులో పిటిషన్ వేసే ముందు రోజు పొద్దున పుస్తకం కోసం వెళ్ళాను. ఆమె గడపలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. పుస్తకం తియ్యమన్నాను. తలెత్తలేదు.

"లేదక్కా."

"లేకపోవడమేంటి?"

"మరిదికిచ్చిన. అడిగిండు."

"అతనేం చేశాడు?"

"నీళ్ళు కాగవెట్టే పొయ్యిల వెట్టిండు."

నాకు ఒళ్ళు మండింది. నీ మొగుణ్ణి బయటికి తెచ్చే ఒకే ఒక కాగితం అది, తెలుసా నీకు అని అరిచాను.

"తెలుసక్కా" అంది. ఆ మాటే నన్ను చంపింది. తెలియక ఇచ్చానని ఒక్క అబద్ధమైనా ఆడలేదు. "ఒక్కడు పోనే పోయిండు. ఈన గూడ లోపలికి వోతే గీ పిల్లల్ని ఎట్ల సాదాలె? నువ్వు కట్ట మూసి ఇంటికి వోతవ్. మేం యాడికి వోవాలె?"

నాకు కోపం వస్తే నోటికి అదుపుండదు. మొగుడు పోతే పోయాడు, మరిది ఉంటే చాలా నీకు అన్నాను. ఆమె అప్పుడు తలెత్తి చూసింది. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ ఆ పూట నాకు ఆమె ముఖం చూస్తే అసహ్యం వేసింది. ఆ ఇంట్లో తిన్న ప్రతి ముద్దా గుర్తొచ్చింది. ఆమె చేట పక్కకు పెట్టి టీ పెట్టమంటావా అని అడిగింది. చెప్పులేసుకుని వచ్చేశాను.

మా సీనియర్ ఉన్న జిరాక్స్‌తోనే పిటిషన్ వేశారు. విచారణ రోజున తమ్ముడు ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుని వచ్చాడు. మా తరఫున కాదు. పోలీసుల వైపు నుంచి అతని అఫిడవిట్ వచ్చింది. ఆ రోజు స్లాబ్ మీద ఉన్నది నేనే, వేళ్ళకు దెబ్బ తగిలి కలం పట్టుకోలేక వేలిముద్ర పెట్టాను, అని రాసి ఉంది. కింద సంతకం, పుస్తకంలో రోజూ ఉన్న ఆ వంకర సంతకమే. జడ్జీలు అసలు పుస్తకం ఎక్కడ అని అడిగారు. కాలిపోయిందని చెప్పేందుకు ఆమె సాక్ష్యం కావాలి, ఆమె ఇవ్వదు. పిటిషన్ కొట్టేశారు, నెల తిరక్కుండా అప్పీలూ కొట్టేశారు.

ఖైదీకి చెప్పే పని నాకే పడింది. ములాఖాత్ కోసం వరసలో నిలబడ్డంతసేపూ ఒకటే అనుకున్నాను. అంతా చెప్పేస్తాను. ఆమెను మాత్రం ఎందుకు దాచాలి? నన్ను అక్కా అంటూనే నట్టేట ముంచింది. కట్టుకున్నవాడికి ఆ సంగతి తెలియాల్సిందే.

ఇనుప జాలీకి అవతల అతను శుభ్రంగా తల దువ్వుకుని వచ్చాడు. నా ముఖం చూడగానే అర్థమైనట్టుంది.

"తమ్ముడు వచ్చిండా మేడం?"

"వచ్చాడు. స్లాబ్ మీద ఉన్నది తనేనని చెప్పాడు."

"పుస్తకం ఉండె గదా?"

"కాల్చేశాడు."

"వాడేనా?"

"వాడే." ఇక ఆ పుస్తకం వాడి చేతికి ఎవరిచ్చారో చెప్పడానికి నోరు తెరిచాను. అతను జాలీకి దగ్గరగా వచ్చి, పక్కవాళ్ళకు వినపడకుండా గొంతు తగ్గించాడు.

"ఒక్క మాట మేడం. నా పెండ్లానికి గిది తెల్వనియ్యకుండ్రి. మరిది గిట్ల జేసిండని తెలిస్తే ఆమె నా కోసం వానితోని కొట్లాడుతది, ఆ ఇంట్ల ఒక్క పూట గూడ ఉండదు. పిల్లల్ని వట్కొని యాడికి వోతది? మీరు చెప్పకుండ్రి."

చెప్పనన్నాను.