‘లేదు’ అని నొక్కిన త్రినాథరావు

త్రినాథరావు టెక్కలిలో ఓ ఆఫీసు గుమాస్తా. నలభై ఆరేళ్ళు, తొంభై ఎనిమిది కిలోలు. కుర్చీలో కూలబడితే లేచేవాడు కాదు, లేస్తే ఎదురుగా ఉన్న టీ కొట్టు దాటేవాడు కాదు. అలాంటి వాళ్ళందరికీ ఫోన్లోనే కసరత్తు చేయించి, తిండి చెప్పే ఏర్పాటు ఒకటి ఆఫీసువాళ్ళు చేశారు. రోజూ పొద్దున్నే విశాఖపట్నం నుంచి మానస అనే అమ్మాయి వీడియోలో కనిపించి గుంజీళ్ళు తీయించేది. తిన్న ప్రతి కంచాన్నీ ఫొటో తీసి ఆమెకు పంపాలి.

చేరేరోజు నింపిన ఫారంలో, మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బుందా అని అడిగారు. ఆయన సొంతూరు మందస దగ్గర, ఇంటింటా ఆ జబ్బున్న ఉద్దానం పల్లె. తండ్రి ఆ జబ్బుతోనే పోయాడు. అన్న గున్నయ్య వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. అయినా ‘లేదు’ అని నొక్కేశాడు మహానుభావుడు. నొక్కడా మరి! సంబంధాలవాళ్ళు అడిగినా, సర్వేవాళ్ళు అడిగినా ఆ ఊళ్ళల్లో ముందు నోటికొచ్చే మాట అదే. ఉందంటే ఇంటికి ముద్ర పడిపోతుందని భయం.

ఆ మాట నమ్మి మానస రోజూ ఆరు గుడ్ల తెల్లసొన, కోడిమాంసం, రెండు చెంచాల ప్రోటీన్ పొడి రాసింది. మూడు నెలల్లో పదకొండు కిలోలు తగ్గాడు. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. ఇంట్లో మాత్రం పొద్దున్నే ఆయనకు మూత్రంలో నురగ కనిపించేది. తండ్రికీ ఇలాగే మొదలైంది. రక్తపరీక్షకు వెళ్ళే ధైర్యం లేదు. అన్న ఫోన్ చేసినా ఎత్తడం మానేశాడు. ఆ గొంతు వింటే డయాలసిసే గుర్తొచ్చేది.

ఒకరోజు వీడియోలో మానస ఆయన కాళ్ళు చూసింది. బరువు తగ్గుతుంటే పాదాలు ఉబ్బుతున్నాయేమిటని అడిగి, చీలమండ మీద వేలితో నొక్కమంది. నొక్కిన చోట పడ్డ గుంట ఎంతకీ పూడలేదు. నిలబడే ఉద్యోగమని బొంకబోయాడు. పక్కనే ఉన్న భార్య దుర్గాదేవికి ఒళ్ళు మండింది.

“సెప్పీయండి. ఇంకెంతకాలం దాత్తారు?”

చెప్పేశాడు. తండ్రి సంగతి, అన్న సంగతి, నురగ సంగతి. మానస, జబ్బు కిడ్నీలకు అంత ప్రోటీన్ భారమని, పొడి వెంటనే ఆపేయమని, ఈరోజే పరీక్ష చేయించుకుని డాక్టరును కలవమని చెప్పింది.

సాయంత్రం రిపోర్టు ఫోన్లోకి వచ్చింది. ఆయన తెరవలేదు. దుర్గాదేవే తెరిచి చూపించింది. క్రియాటినిన్ ఒకటి పాయింట్ తొమ్మిది. కిడ్నీలు బాగుంటే అది ఒకటి పాయింట్ మూడు దాటదు. ఆ అంకె అర్థం ఉద్దానంవాళ్ళకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

అన్నను ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగినవాడు ఇప్పుడు తానే ఫోన్ చేశాడు.

“అన్నయ్యా, నీకు మొదట్లో ఎంతుండేది?”

“నీకెంతొచ్చిందిరా?” అన్నాడు గున్నయ్య మెల్లగా.

చెప్పాడు. భయమేస్తోందని కూడా చెప్పాడు.

“నానూ లేదు లేదని తిరిగాను. సూయించుకునేసరికి ఆరు దాటీసింది. నువ్వు రేపు నాతో పలాస రా. డాక్టరు దగ్గర మాత్రం లేదనకు.”